గాజు మీద ఆకుపచ్చ బిళ్ల

"మధ్యాహ్నం రెండింటికి బయల్దేరతారట," అంది తెయోదోరా. "ఆలోపల మీరేదో ఒకటి తేల్చాలి యోవితాగారూ. లేకపోతే మా అమ్మ వాళ్లతో బండెక్కేస్తుంది."

గురువారం. గోడ గడియారం పదీ ఇరవై చూపిస్తోంది.

మూడు రోజుల కిందట, సోమవారం పొద్దున్న, ఆమె తండ్రి జెనోన్ కుల్పా తన గ్యారేజీలో, ఇంజను ఆడుతున్న కారులో శవమై కనిపించాడు. తలుపులు మూసి ఉన్నాయి. పొగ పీల్చి పోయాడనీ, అది ప్రమాదమేననీ పోలీసులు రాసేశారు. నిన్న ఖననం కూడా అయిపోయింది. తెయోదోరా మాత్రం ఎవరో చంపారంటోంది.

"ఎవరో కాదు, ఎద్మండో ఫెలిక్స్ మాష్టారో, ఆ ఇద్దరిలో ఒకడు," అంది. "సోమవారం పొద్దున్నే గ్యారేజీలో ఉంటానని ఆదివారం రాత్రి నాన్న ఫోను చేసి చెప్పింది వాళ్లిద్దరికే. నేను పక్కనే కూచున్నాను. ఇప్పుడు వాళ్లిద్దరితో మా అమ్మ వారం రోజులు జర్మనీ తిరిగొస్తానంటోంది. డెబ్భై నాలుగేళ్ల మనిషి. వద్దంటే వినదు. 'మీ నాన్న రాసిన కాగితం ప్రకారం వెళ్లొస్తాను' అంటుంది. అంతే. ఇంకో మాట లేదు."

ఆ కాగితం నా బల్ల మీదే ఉంది. ఒకటి కాదు, ఎనిమిది. జెనోన్ పదవీవిరమణ చేసిన సర్వేయరు. ఎక్కడ ఆగాలి, ఎన్ని నిమిషాలు ఆగాలి, ఎక్కడ ఉడకబెట్టిన గుడ్లు తినాలి, అన్నీ రాశాడు. మొదటి రోజు: రెండింటికి మా ఊరు లెగ్నీత్సాలో బయలుదేరడం, మూడూ అయిదుకి జర్మనీ సరిహద్దు దగ్గర మన సైనికుల శ్మశానం, ఒక దీపం, ఇరవై నిమిషాలు. రెండో రోజు యుద్ధం చివర్లో మిత్రపక్షాల రెండు సైన్యాలు చేతులు కలిపిన ఎల్బే నది ఒడ్డు, ఆ తర్వాత మన అధికారుల్ని బంధించిన కోట. మూడో రోజు పదకొండింటికి క్యాంపుల నాటి కాగితాలు దాచిన ఆర్కైవు. నాలుగో రోజు అసలు పని. 1945 ఫిబ్రవరిలో జర్మన్ల గ్రోస్-రోజెన్ క్యాంపు నుంచి ఖైదీల్ని మంచులో జర్మనీకి నడిపించుకుపోయారు. తెయోదోరా తాత, అంటే ఆమె తల్లి క్లెమెంటీనాకి తండ్రి, యూలియన్ ఆ దారిలోనే పడిపోయాడు. అప్పటికి క్లెమెంటీనాకి మూడు నెలలు. తండ్రి పడిన చోట ఒక దీపం పెట్టాలన్నది ఆమె జీవితంలో మిగిలిపోయిన ఒకే ఒక కోరిక.

రెండో కాగితం అడుగున జెనోన్ ఎర్ర సిరాతో ఒక హెచ్చరిక రాశాడు: పొగ తనిఖీ చేసిన ఆకుపచ్చ స్టిక్కరు ముందు అద్దం మీద లేనిదే పెద్ద ఊళ్లలోకి వెళ్లకూడదు. తన బండికీ, ఆ ఇద్దరి బళ్లకీ తానే జర్మనీ నుంచి తెప్పించాడు. ఏ బండి స్టిక్కరు మీద ఆ బండి నంబరే ఉంటుంది.

నాకు భయం వేసింది. ఇరవై ఆరేళ్లు పోలీసు ఉద్యోగం చేసినదాన్ని, భయం వేస్తే వేసిందని చెప్పుకోవడానికి నాకు నామోషీ లేదు. మూడున్నర గంటల్లో హంతకుణ్ణి పట్టుకోమంటే భయం వేయక ఏం చేస్తుంది? ఆరేళ్ల కిందట ఇలాగే తొందరపడి ఒక రొట్టెల కొట్టువాణ్ణి లోపల వేశాను. పదకొండు నెలల తర్వాత అసలువాడు దొరికాడు. అప్పటికి అతని కొట్టు పోయింది. తర్వాత నా ఉద్యోగమూ పోయింది.

"పద, గ్యారేజీ చూద్దాం," అన్నాను.

* * *

అవి రేకుతలుపుల గ్యారేజీలు, పన్నెండు వరసగా. జెనోన్‌ది నాలుగోది. రెండు రెక్కల తలుపు బయటికి తెరుచుకుంటుంది. ఒక్కో రెక్కకి బయటివైపు ఒక్కో ఇనపఊచ. తలుపు తెరిచాక ఆ ఊచని నేలలో ఉన్న కన్నంలోకి దించితే రెక్క కదలదు. మూసేటప్పుడు ఊచని పైకెత్తి కొక్కేనికి తగిలించాలి. తెయోదోరా దగ్గరున్న పోలీసుల ఫొటోలో రెండు ఊచలూ కొక్కేలకి తగిలించే ఉన్నాయి.

సరిగ్గా ఆ వేళకి కుక్కని పట్టుకుని గెనోవెఫా అనే ముసలావిడ వచ్చింది. ఎదురింట్లో ఉంటుంది.

"సోమవారం నేను చూశానమ్మా," అంది అడక్కుండానే. "రెండు తలుపులూ బార్లా తెరిచున్నాయి. ఆ గాలికి నా గొడుగు తిరగబడింది గానీ ఆ రేకులు ఇంచీ కదల్లేదు."

"ఎన్నింటికి?"

"ఏడింటికి. రేడియోలో ఏడింటి వార్తలు మొదలవగానే దీన్ని బయటికి తేవాలి. ఒక్క నిమిషం ఆలస్యమైతే తివాచీ మీదే కానిచ్చేస్తుంది."

"మరి తిరిగొచ్చేటప్పుడు?"

"ఏడున్నరకి మూసేసున్నాయి. లోపల ఇంజను గుర్రుమంటోంది. పెద్దాయన బండి వేడి చేసుకుంటున్నాడనుకున్నాను. ఎద్మండ్ వ్యాను అక్కడే నిలబెట్టుంది." ఆవిడ కుక్క తాడు చేతికి చుట్టుకుంది. "అప్పుడు నేను తలుపు తట్టుంటే ఆయన బతికేవాడేమో కదమ్మా?"

కుక్క తల నిమిరాను. ఏడింటికి ఊచలు నేలలో ఉన్నాయి, లేకపోతే ఆ గాలికి తలుపులు ఆగవు. ఏడున్నరకి కొక్కేలకి ఎక్కాయి. ఆ పని బయట నిలబడ్డ మనిషి చేయాల్సిందే, గాలి చేయదు. జెనోన్‌ని ఎవరో లోపల పెట్టి మూశారు.

తెయోదోరాని బయట ఉంచి తలుపులు మూయమన్నాను. చీకటి ఒక్కసారిగా మీద పడింది. పాత నూనె వాసన, దాని కింద పొగ వాసన ఇంకా పోలేదు. ఆ ముసలాయన ఇక్కడే కూర్చుని ఊపిరాడక పోయాడు. టార్చి వేసి కారు ముందుకి వెళ్లాను. అద్దం మీద, కింద మూల, లోపలివైపు నుంచి అంటించిన ఆకుపచ్చ బిళ్ల. దాని మీద మా ఊరి రెండక్షరాలూ, నంబరు 30918.

టార్చి కిందికి దించి కారు నంబరు చూశాను. 71452.

"తలుపు తియ్యి!" అని అరిచాను.

తెయోదోరా వెలుగులో ఆ బిళ్ల చూసి నోరు తెరిచింది. "ఇది నాన్న అంటించింది కాదు. ఉత్తరం మీద చిరునామా మూడుసార్లు సరిచూసుకునే మనిషి ఆయన."

"30918 ఎవరిది?"

ఆమె సంచిలోంచి ప్రయాణం కాగితం తీసి వెతికింది. మూడు బళ్ల నంబర్లూ జెనోన్ అక్కడే రాసుకున్నాడు.

"ఎద్మండ్‌ది," అంది.

* * *

ఎద్మండ్ రతాయ్ గ్యారేజీ అదే వరసలో ఏడోది. యాభై దాటిన మనిషి. అడవుల్లో యుద్ధం నాటి హెల్మెట్లూ, బెల్టు బిళ్లలూ తవ్వి అమ్ముకుంటాడు. అనుమతి ఉండదు, సిగ్గు కూడా ఉండదు. నేను వెళ్లేసరికి వ్యానులో సమాధి దీపాల పెట్టె సర్దుతున్నాడు.

"సోమవారం పొద్దున్న ఏడింటికి ఎక్కడున్నావు?"

"పక్కమీద. తొమ్మిదింటి దాకా లేవలేదు."

"ఏడున్నరకి నీ వ్యాను ఇక్కడుంది."

అతని చేతులు ఆగాయి. "ఆ కుక్క ముసల్ది చెప్పిందా? సరే, ఉన్నాను. నా గ్యారేజీకి నేను రాకూడదా? జెనోన్ తలుపు మూసుంది. ఇంజను చప్పుడైంది. నా పని చూసుకుని పోయాను."

"మరి ఇందాక పక్కమీద అన్నావు."

"మీకు నిజం చెబితే మీరు నన్నేం చేస్తారో ఈ ఊళ్లో అందరికీ తెలుసు మేడమ్. ఆ రొట్టెలవాణ్ణి అడిగితే చెప్తాడు."

దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. నేను తమాయించుకున్నాను.

"శనివారం జెనోన్‌తో నీకు గొడవైంది."

"అయింది. జర్మనీ అడవిలో ఒక పూట ఆగి తవ్వుకుందామన్నాను. చచ్చినవాళ్ల దగ్గరికి దీపాలు పట్టుకుని వెళ్తున్నాం, పారలు కాదన్నాడు. తిట్టాడు. నేనూ తిట్టాను. దానికే చంపేస్తారా?"

"నీ బండి స్టిక్కరు ఆయన అద్దం మీద ఎందుకుంది?"

అతను నిజంగానే బిత్తరపోయాడు. ఆ సంగతి నేను తర్వాత గుర్తు చేసుకున్నాను. అప్పుడు మాత్రం నాకు అది దొంగ ముఖంలాగే కనిపించింది.

"నాదా? నాకు స్టిక్కరు ఇంకా ఇవ్వనే లేదు! ఎక్కడుందో తెలీక దారిలో కొనుక్కుందామనుకుంటున్నా. మీరే చూడండి, నా అద్దం మీద ఏముంది? దుమ్ము!"

అద్దం మీద ఏమీ లేదు. లోపల, గ్యారేజీ మూల, టార్పాలిన్ కింద ఏదో ఎత్తుగా ఉంది. నేను అటు వెళ్లి టార్పాలిన్ పట్టుకున్నాను.

"అది ముట్టుకోవద్దు!"

ఆ అరుపులో కోపం లేదు, అంతా భయమే. నా చేతి కింద, గుడ్డ లోపల, చల్లగా, గుండ్రంగా, నా తొడంత లావు వస్తువు తగిలింది. కదలకుండా నిలబడ్డాను. యుద్ధం నాటి పేలని గుండు. లెగ్నీత్సాలో పుట్టిన ప్రతి పిల్లకీ బడిలో మొదట నేర్పే పాఠం అదే: అడవిలో తుప్పుపట్టిన ఇనుము కనిపిస్తే ముట్టుకోకు, పరిగెత్తు.

"చెయ్యి తియ్యండి," అన్నాడు ఎద్మండ్ గుసగుసగా. "మెల్లిగా. ఇంకా మెల్లిగా. సోమవారం దీన్నే దాచడానికొచ్చాను. అమ్మ తోడు."

వేలు తర్వాత వేలు తీసి వెనక్కి అడుగులు వేశాను. బయటికొచ్చాక మందుగుండు దళానికి ఫోను చేశాను.

* * *

పన్నెండూ పావుకి మందుగుండు దళం వచ్చి వీధంతా ఖాళీ చేయించింది. వాళ్లతో పాటు ఇన్‌స్పెక్టర్ విటోల్డ్ పెన్కాలా కూడా వచ్చాడు. జెనోన్ చావు ప్రమాదమని సంతకం పెట్టింది ఇతనే. ఒకప్పుడు నా దగ్గరే పని నేర్చుకున్నాడు. నా కుర్చీ ఖాళీ అయ్యాక అందులో కూర్చున్నాడు.

"ఎప్పుడూ ఇంతేనా మేడమ్? మీరు అడుగుపెడితే వీధి ఖాళీ చేయించాల్సిందేనా?"

"నువ్వు మూసేసిన కేసు తెరుస్తున్నాను."

"అందులో తెరవడానికేముంది? ముసలాయన స్టిక్కరు అంటించాలనుకున్నాడు. చలికి అద్దం మంచుపట్టింది, జిగురు పట్టదు. అద్దం వేడెక్కాలని ఇంజను వేశాడు. గాలికి తలుపులు పడ్డాయి. పక్కసీట్లో ఖాళీ కవరు కూడా దొరికింది."

"మరి ఆయన చెవి వెనక ఉన్న దెబ్బ?"

"ఒరిగిపోయినప్పుడు తగిలింది."

"ఊచలు?"

నేను ఊచల సంగతీ, గెనోవెఫా చెప్పిన వేళలూ, బిళ్ల మీది నంబరూ వరసగా చెప్పాను. అతని ముఖంలో నవ్వు నెమ్మదిగా పోయింది. నంబరు చూడలేదని ఒప్పుకోవడం అతనికి విషం మింగడమే. మన బళ్లన్నిటికీ మొదటి రెండక్షరాలూ ఒకటే కాబట్టి అవి చూసి సరిపెట్టుకున్నాడు.

"సరే," అన్నాడు చివరికి. "గుండు దాచినందుకు ఎద్మండ్‌ని ఎలాగూ తీసుకెళ్తున్నాను. మిగతాది కూడా అడుగుతాను. కానీ ఒక్క మాట. మీ తొందర ఒకసారి ఒక మనిషి బతుకు తీసింది. ఈసారి కూడా అదే అయితే మీ పేరు మొదట రాసేది నేనే."

"రాసుకో. అక్షరదోషాలు లేకుండా రాయి. నీకది మొదట్నుంచీ రాదు."

ఎద్మండ్‌ని జీపెక్కించారు. కిటికీలోంచి ఏదో అరిచాడు. ఇంజన్ల చప్పుడులో నాకు వినపడలేదు. విందామని కూడా అనిపించలేదు.

* * *

ఒంటిగంటన్నరకి కుల్పా వాళ్ల వంటింట్లో ఉన్నాం. క్లెమెంటీనా రొట్టెల మధ్య కట్లెట్లు పెట్టి కాగితంలో చుడుతోంది. నల్ల గౌను. ముఖంలో ఏడుపు లేదు. గోడ మీద రెండు ఫొటోలు ఉన్నాయి. ఒకటి ఆమె తండ్రి యూలియన్‌ది. రెండోది స్తెఫాన్ వర్దా అనే ఆయనది. మంచులో కాళ్లు చచ్చుబడ్డ యూలియన్‌ని రెండు రోజులు వీపున మోసింది ఆయనే. ఆ కథ ఈ ఊళ్లో వినని వాళ్లు లేరు. ఆయన కొడుకు ఫెలిక్స్ మాష్టారు ముప్ఫై ఏళ్లు చరిత్ర చెప్పాడు, బడి బడికీ తిరిగి ఆ కథ చెప్పాడు. నా కూతురు కూడా ఆ కథ విని ఏడ్చుకుంటూ ఇంటికొచ్చింది.

ఆ ఫెలిక్స్ మాష్టారే ఇప్పుడు పొయ్యి దగ్గర నిలబడి ఫ్లాస్కులో టీ పోస్తున్నాడు. అరవై ఎనిమిదేళ్లు, తెల్ల జుట్టు, వినీ వినపడని మెత్తని గొంతు. ప్రయాణంలో మూడోవాడు ఆయనే.

"ఎద్మండ్‌ని పట్టుకున్నారటగా," అన్నాడు. "నాకు నమ్మబుద్ధి కావడం లేదమ్మా. మొరటువాడే గానీ..."

"మాష్టారూ, మీకు స్టిక్కరు ఎప్పుడిచ్చారు?"

"ఆదివారం. ప్రార్థన అయ్యాక చర్చి మెట్ల మీద. ఇద్దరికీ అక్కడే ఇచ్చాడు. ఎద్మండ్ తనది మడిచి జేబులో కుక్కుకుంటే జెనోన్ కోప్పడ్డాడు కూడా. ఏం?"

"తనకి ఇవ్వనే లేదన్నాడు."

ఫెలిక్స్ బాధగా తల ఊపాడు. ఆ తల ఊపడంతో నా గుండెల మీంచి బరువు దిగిపోయింది. ఎద్మండ్ అబద్ధం రెండోసారి దొరికింది. ఆరేళ్ల తర్వాత మొదటిసారి నేను సరైనవాణ్ణి పట్టుకున్నాను.

"ఆ తర్వాత జెనోన్‌ని మళ్లీ చూశారా?"

"లేదు. మంగళవారం పెట్టెలో చూశాను," అన్నాడు, కళ్లు తుడుచుకుని.

క్లెమెంటీనా రొట్టెల పొట్లం సంచిలో పెట్టింది. "ఎద్మండ్ వ్యాను లేకపోతే ఏమైంది? ఫెలిక్స్ కారుంది కదా. దీపాలు అందులో సర్దండి."

"అమ్మా, ఇప్పుడెందుకు? వసంతంలో వెళ్దువుగాని," అంది తెయోదోరా. "ఆ మూడోరోజు ఆర్కైవు ఉంది చూడు, దానికి మళ్లీ తేదీ అడుగుదాం."

"నేను కూడా అదే అన్నాను," అన్నాడు ఫెలిక్స్. "ఆ పాత కాగితాల దుమ్ములో ఈ వయసులో ఎందుకని. దీపం ఒక్కటీ పెట్టి వచ్చేద్దాం."

"ఆర్కైవుకి వెళ్తున్నాం," అంది క్లెమెంటీనా. "పాసు నా పేరు మీద కూడా ఉంది."

తెయోదోరా నన్ను నడవాలోకి లాగింది. "ఏం చెయ్యమంటారు? పంపనా?"

"పంపు," అన్నాను. "చేసినవాడు లాకప్పులో ఉన్నాడు. మాష్టారి కంటే మంచి తోడు దొరకదు."

సరిగ్గా రెండింటికి నేనే క్లెమెంటీనా చెయ్యి పట్టుకుని ముందు సీట్లో కూర్చోబెట్టాను. తలుపు వేస్తుంటే ఆమె నా వేళ్లు గట్టిగా నొక్కింది. ముందు అద్దం మూల ఆకుపచ్చ బిళ్ల ఎండకి మెరిసింది. బుద్ధిమంతుడు, అన్నీ ముందే సిద్ధం చేసుకున్నాడు అనుకున్నాను.

* * *

రెండూ ముప్ఫై అయిదుకి తండ్రి వస్తువులు తీసుకోవడానికి తెయోదోరా స్టేషనుకి వెళ్తే నేనూ వెళ్లాను. పెన్కాలా ప్లాస్టిక్ సంచి బల్ల మీద పెట్టాడు. గడియారం, కళ్లజోడు, ఫోను.

"ఎద్మండ్ ఒప్పుకున్నాడా?" అన్నాను.

"గుండు సంగతి ఒప్పుకున్నాడు. హత్య సంగతి కాదు." పెన్కాలా కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. "ఒక్కటే మాట పట్టుకుని అరుస్తున్నాడు. జీపులోంచి మీకు చెప్పింది కూడా అదేనట. 'నా బండి నంబరు నేను గుర్తుపట్టనా? హత్య చేసి నా నంబరే తీసి అతికించిపోతానా? నేనేమైనా గుడ్డివాణ్ణా?' అంటున్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు మేడమ్. మీ దగ్గర ఉందా?"

తన నంబరు తాను గుర్తుపడతాడు. జెనోన్ కూడా తనది గుర్తుపడతాడు. ఆ నంబరు తనకేమీ కానివాడే, ప్రమాదంలా కనిపించాలని బిళ్ల అంటిస్తూ అలా పొరబడతాడు.

"ఇదేమిటి?" అంది తెయోదోరా.

ఆమె ఫోను తెరిచింది. తండ్రి పెట్టుకున్న సంకేతం ఆమె పుట్టినరోజే. తెర మీద పార్సెల్ లాకరు పంపిన సందేశం ఉంది. మా ఊళ్లో పోస్టుమాను కోసం ఎవరూ కాచుకుని కూర్చోరు. వీధి చివరి లాకర్లో పడేసి ఫోనుకి అంకె పంపిస్తారు, మనకి వీలైనప్పుడు తీసుకుంటాం. తీసుకున్న నిమిషం కూడా అందులో నమోదవుతుంది.

ఆమె చదివింది. "జర్మనీ నుంచి వచ్చిన మీ కవరు తీసుకున్నారు. సోమవారం. ఆరూ యాభై రెండు."

పెన్కాలా ఫోను తన వైపు తిప్పుకుని మళ్లీ చదివాడు.

సోమవారం ఆరూ యాభై రెండు దాకా ఆ మూడు స్టిక్కర్లూ లాకర్లోనే ఉన్నాయి. ఆదివారం చర్చి మెట్ల మీద వాటిని ఎవరూ ఎవరికీ ఇవ్వలేదు. ఏడింటికి జెనోన్ తలుపులు బార్లా తెరుచుకుని గ్యారేజీలో ఉన్నాడు. ఏడున్నరకి తలుపులు మూసుకున్నాయి. ఆ అరగంటలో ఆ కవర్లోంచి తన బిళ్ల తీసుకున్నవాడే జెనోన్‌ని లోపల పెట్టి తలుపు వేశాడు. ఆ బిళ్లని రెండింటికి నా కళ్లతో నేను చూశాను. చూసి మెచ్చుకున్నాను కూడా.

"మాష్టారు," అన్నాను.

పెన్కాలా అప్పటికే లేచాడు. "ఎందుకు? ఆయనకేం అవసరం?"

తెయోదోరా తండ్రి ఫోనులో ఉత్తరాలు వెతికింది. ఆర్కైవు నుంచి శనివారం వచ్చిన ఉత్తరం దొరికింది. పైకి చదవడం మొదలుపెట్టి నాలుగో వాక్యం దగ్గర ఆగిపోయింది. నేను తీసుకుని చదివాను. 'మీరు అడిగిన కాగితం దొరికింది. ఖైదీల మీద కాపలాకి పెట్టిన ఖైదీ స్తెఫాన్ వర్దా, యూలియన్ పారిపోవాలనుకుంటున్నాడని కాపలా అధికారికి చెప్పినట్టు అందులో ఉంది. సంతకం వర్దాదే. మర్నాడు పొద్దున్న యూలియన్‌ని రోడ్డు పక్కన కాల్చేశారు. అసలు ప్రతిని మీరూ, మీ భార్యా మూడో రోజు పదకొండింటికి చూడవచ్చు.'

వీపున మోసిన కథ అబద్ధం. ముప్ఫై ఏళ్లుగా బడి పిల్లలు ఏడ్చిన ఏడుపు అబద్ధం. జెనోన్ ఆ సంగతి స్నేహితుడికి ముందే చెబుదామనుకుని ఉంటాడు. సోమవారం పొద్దున్న, స్టిక్కరు చేతిలో పెట్టి, మెల్లిగా చెప్పి ఉంటాడు. ఆ కాగితం చూడడానికి పాసున్న రెండో మనిషి ఇప్పుడు మాష్టారి పక్కసీట్లో ఉంది.

రెండూ నలభై ఎనిమిది. పెన్కాలా వరండాలోకి పరిగెత్తి హైవే గస్తీ వాళ్ల కోసం అరుస్తున్నాడు. తెయోదోరా తల్లికి ఫోను కలిపింది.

"ఏమీ తెలియనట్టు మాట్లాడు," అన్నాను ఆమె చెవిలో. "ఎక్కడున్నారో మాత్రం అడుగు."

ఆరోసారి మోగాక క్లెమెంటీనా ఎత్తింది.

"అమ్మా, ఎక్కడి దాకా వెళ్లారు?"

"హైవే దిగేశామే. ముందు మరమ్మతులున్నాయట, ఫెలిక్స్ అడవి దారిన తీసుకెళ్తున్నాడు. అరగంటలో ఒక్క బండి కూడా ఎదురు రాలేదు. గట్టిగా మాట్లాడు, స్పీకరు పెట్టినా నాకు సరిగ్గా వినపడ్డం లేదు."

స్పీకరు. నేను తెయోదోరా నోరు మూయబోయాను. అప్పటికే ఆలస్యమైంది.

"అమ్మా, దిగిపో! బండి ఆపించి దిగిపో! నాన్నని చంపింది ఆయనే!"

అవతల చక్రాల కింద కంకర నలుగుతున్న చప్పుడు. అది నెమ్మదించింది.

"తెలుసే," అంది క్లెమెంటీనా.

తెయోదోరా ఫోను వైపు అర్థం కానట్టు చూసింది.

"ఆ ఉత్తరం మీ నాన్న ఆదివారం రాత్రి నువ్వెళ్లాక నాకు చదివి వినిపించాడు. ఫెలిక్స్‌కి పొద్దున్నే తానే చెప్తానన్నాడు, అలా తెలియడమే మర్యాద అన్నాడు. పొద్దున్నకి ఆయన లేడు. నీకు చెబితే నన్ను ఈ బండెక్కనిస్తావా? ఈ ఫెలిక్స్ వాళ్ల నాన్న సమాధి మీద ప్రతి నవంబరులో మొదటి దీపం నేను పెట్టాను. మా నాన్నకి ఏం జరిగిందో, మీ నాన్నకి ఏం జరిగిందో, రెండూ వీడి నోటి నుంచి వినాలి నేను. చెప్పు ఫెలిక్స్. అమ్మాయి కూడా వింటోంది."

"క్లెమెంటీనా," అంది ఆ మెత్తని గొంతు. "ఆ ఫోను ఇలా ఇవ్వు."

"ఇవ్వను. చెప్పు."

బ్రేకు పడింది. కారు తలుపు తెరుచుకున్న చప్పుడు, కంకర మీద అడుగులు, అటు చుట్టూ తిరిగి ఇటు వస్తున్నాయి. రెండో తలుపు తెరుచుకుంది. ఫోను ఆగిపోయింది.

తెయోదోరా మళ్లీ కలిపింది. మోగలేదు. మళ్లీ కలిపింది. తర్వాత ఫోను బల్ల మీద పెట్టి నా వైపు తిరిగింది. ఆమె కళ్లలో నీళ్లు లేవు.

"చెయ్యి పట్టుకుని ఎక్కించింది మీరే," అంది.